పాత యుద్ధ విమానం ముందు నిలబడి దాని మెరుపును, రంగును చదవడం ఎలా

మెరుగుపెట్టిన పాత మస్టాంగ్ (రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికా ఫైటర్ విమానం) ముందు నిలబడినవారిలో చాలామందికి మొదట కనిపించేది తమ ముఖమే. అద్దంలాంటి ఆ రేకు మీద ఆకాశం, నేల, చూడవచ్చిన మనుషులు అందరూ వంపులు తిరిగి సాగిపోతుంటారు. ఒక ఫొటో తీసుకుని పక్క విమానం దగ్గరికి వెళ్లిపోతారు. ఆ మెరుపు నాకూ ప్రాణమే. అయితే అక్కడే మరో అరగంట నిలబడగలిగితే, ఏ రేకు ఏ కాలానిదో, ఏ రంగు ఏ అవసరం కోసం వేశారో, యుద్ధకాలపు చేతిపని ఎక్కడ మిగిలిందో, ఈ కాలపు అభిరుచి దాని మీద ఎక్కడ వచ్చి కూర్చుందో తెలుస్తుంది. ఆ చూపు అలవడడానికి నేను పాటించే క్రమం ఇది. మీరూ ఇదే వరుసలో ప్రయత్నించండి.

ముందు దూరం నుంచి ఒక చుట్టు

మొదటి ఐదు నిమిషాలు విమానం దగ్గరికి వెళ్లకండి. ఇరవై అడుగుల దూరంలో ఒక పూర్తి చుట్టు తిరగండి. రెండు పక్కలూ ఒకేలా ఉంటాయనుకుని సగంలో ఆగిపోవద్దు. బ్రిటన్ వాయుసేన నేటికీ ఎగరేస్తున్న పాత బాంబర్ లాంకాస్టర్ పీఏ474కు 2017లో కొత్త రంగులు వేసినప్పుడు ఎడమ పక్కన ఒక స్క్వాడ్రన్ అక్షరాలు, కుడి పక్కన మరో స్క్వాడ్రన్ అక్షరాలు రాశారు. ఒక పక్క మాత్రమే చూసి వెళ్లినవారికి సగం విమానమే దక్కినట్టు.

చుట్టు పూర్తయ్యాక తోక దగ్గర ఆగండి. అక్కడి నుంచి శరీరం వెంబడి ముక్కు వైపు వాలుగా చూడండి. ఎదురుగా నిలబడితే నున్నగా కనిపించిన రేకు, ఈ కోణం నుంచి చిన్నగాలికి కదిలిన చెరువు నీళ్లలా కనిపిస్తుంది. లోపలి చట్రాల మీద సన్నని రేకును పరిచి రివెట్లతో (రేకులను బిగించే లోహపు మేకులతో) బిగించినప్పుడు, చట్రానికీ చట్రానికీ మధ్య రేకు కాస్త లోపలికి లాగినట్టవుతుంది. అదే ఆ అలల కారణం. నాకు మొత్తం విమానంలో అత్యంత ఇష్టమైన దృశ్యం ఇదే, ఎందుకంటే మనుషులు చేతులతో చేసిన వస్తువని ఇక్కడే ముందుగా తెలుస్తుంది.

అదే కోణం నుంచి రివెట్ల తలలూ గమనించండి. కొన్ని రేకులో పూర్తిగా ఇమిడిపోయి ఉంటాయి, కొన్ని బొడిపెల్లా పైకి తేలి ఉంటాయి. ఇమిడిపోయేవి గాలికి అడ్డురావు కానీ బిగించడానికి ఎక్కువ సమయం, ఖర్చు. బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌ను పరీక్షించే రోజుల్లో ఇంజనీర్లు చదునైన రివెట్ల మీద బఠాణీ బద్దలను జిగురుతో అంటించారు. వాటిని కొంచెం కొంచెంగా తొలగిస్తూ, ఏ భాగంలో బొడిపెలున్నా వేగం పెద్దగా తగ్గదో ఎగిరి చూసి తేల్చుకున్నారు. బొడిపె రివెట్లు కనిపించిన చోట ఆగి ఆలోచించండి. అక్కడ ఎవరో వేగాన్ని, ఖర్చును తూకం వేసి చూశారు.

లోహమా, గుడ్డా, చెక్కా?

వెండి రంగులో ఉన్నదంతా లోహం అనుకోవడం అందరూ చేసే మొదటి పొరపాటు. రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల్లో గుడ్డ ఎక్కువే. బ్రిటిష్ ఫైటర్ హాకర్ హరికేన్ శరీరం వెనుక సగం చెక్క పట్టీల మీద బిగించిన గుడ్డే. దగ్గర నుంచి చూస్తే పట్టీల వెంట సన్నని గట్లు, వాటి మధ్య కాస్త లోతు కనిపిస్తాయి. బీ-17 బాంబర్ ఒళ్లంతా అల్యూమినియమే అయినా విమానాన్ని తిప్పే కదిలే పలకలు, అంటే తోక మీది చుక్కాని, ఎలివేటర్లు, రెక్కల చివరి ఎయిలరాన్లు గుడ్డవే.

గుడ్డను ఎలా గుర్తుపట్టాలి? వెలుగు దాని మీద నుంచి తిరిగి వచ్చే తీరు వేరు. లోహం దృశ్యాన్ని చూపిస్తుంది, గుడ్డ వెలుగును మాత్రమే తిరిగిస్తుంది. తళతళలాడే శరీరానికి చివర చుక్కాని వెలవెలపోయిన బూడిద వెండిలా ఉంటే అది దాదాపుగా గుడ్డే. గుడ్డను బిగువెక్కించడానికి డోప్ అనే ద్రవాన్ని పొరలు పొరలుగా పూస్తారు. దానిలో అల్యూమినియం పొడి కలిపేది అందం కోసం కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు గుడ్డను కుళ్లబెడతాయి, ఆ పొడి వాటిని లోపలికి పోనివ్వదు. అందుకే రంగు వేసిన గుడ్డ విమానాల్లో కూడా పై రంగు కింద ఒక వెండి పొర దాగి ఉంటుంది.

బ్రిటన్‌కు చెందిన డి హావిలాండ్ మస్కీటో విమానం పూర్తిగా వేరే జాతి. మధ్యలో తేలికైన బాల్సా చెక్క, రెండు పక్కలా పలుచని ప్లైవుడ్, పైన డోప్ పూసిన నూలు గుడ్డ. దాని శరీరం మీద రివెట్ల వరుసలు కనబడవు, కోడిగుడ్డు పెంకులా నున్నగా ఉంటుంది. ఆ గుడ్డకు ఇంగ్లిషువాళ్లు మడపొల్లం అని పేరు పెట్టుకున్నారు. నరసాపురం దగ్గర ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారం నడిపిన మాధవాయపాలెం పేరే అలా మారింది. మన ఊరి పేరు మోసిన గుడ్డ ఆ చెక్క విమానం ఒంటిని కప్పిందని తెలిసిన రోజు నుంచి మస్కీటోను నేను మామూలుగా చూడలేకపోయాను.

రంగు లేని లోహాన్ని చదవడం

ఇక్కడ ఎక్కువసేపు ఉండండి.

అమెరికా సైనిక వాయుదళం 1943 చివర్లో తన విమానాలకు మరుగు రంగులు (శత్రువు కంట పడకుండా దాచే రంగులు) వేయడం ఆపాలని నిర్ణయించింది. 1944 తొలి నెలల నుంచి కర్మాగారాల నుంచి వచ్చిన ఫైటర్లు, బాంబర్లు చాలావరకు రంగు లేకుండానే వచ్చాయి. అప్పటికి ఆకాశంలో పైచేయి వాళ్లదవుతోంది. దాక్కోవడం కంటే బరువు తగ్గడం, పని త్వరగా ముగియడం ముఖ్యమైపోయాయి. మనం ఇప్పుడు వెండి విమానాల అందం అంటున్నది అలా ఒక పనిని మానేయడం వల్ల వచ్చింది.

ఆ లోహం ఒట్టి అల్యూమినియం కాదు. స్వచ్ఛమైన అల్యూమినియం మెత్తన, విమానాన్ని మోయలేదు. సుమారు 4 శాతం రాగి, ఇంకా కొద్దిగా మెగ్నీషియం, మాంగనీసు కలిపితే డ్యురాలుమిన్ అనే గట్టి మిశ్రమం అవుతుంది. చిక్కేమిటంటే రాగి చేరడం వల్ల అది తేలిగ్గా తుప్పు పడుతుంది. దానికి 1920ల చివర్లో దొరికిన పరిష్కారం ఆల్‌క్లాడ్. గట్టి రేకుకు రెండు పక్కలా స్వచ్ఛ అల్యూమినియం పొరను కలిపి సాగదీస్తారు. ఇత్తడి గిన్నెకు కళాయి పూసినట్టు అనుకోండి, పై పొర తాను కరుగుతూ లోపలి లోహాన్ని కాపాడుతుంది. పలుచని రేకుల్లో ఆ పొర ఒక్కో పక్క మొత్తం మందంలో సుమారు 5 శాతం. అంటే ఒక మిల్లీమీటరు రేకు మీద 0.05 మిల్లీమీటరు మాత్రమే. విమానం అద్దంలా మెరిసేది ఆ పలుచని పొర వల్లే.

ఇప్పుడు రేకు పక్కన రేకు పోల్చండి. అన్నీ ఒకే వెండి కావని కాసేపటికి తెలుస్తుంది. ఒకటి నీలం ఛాయలో, ఒకటి పసుపు ఛాయలో, ఒకటి ముదురు బూడిదలో కనిపిస్తుంది. మిల్లులో రేకును సాగదీసిన దిశలో సన్నని గీతలు పడతాయి. పక్కపక్క రేకులను వేర్వేరు దిశల్లో కోసి బిగిస్తే వెలుగు ఒక దాని మీద అడ్డంగా, మరో దాని మీద నిలువుగా జారుతుంది. ఇంజను పొగ గొట్టాల దగ్గర వేడిని తట్టుకోవడానికి స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు పెడతారు. అవి వేడికి కాలి గోధుమ, నీలం, వంకాయ రంగుల్లోకి తిరుగుతాయి. మిగతా రేకుల కంటే మరీ తెల్లగా, మచ్చ లేకుండా ఒక రేకు కనిపిస్తే అది మరమ్మతులో మార్చినది కావచ్చు. పైలట్ కళ్ల ముందు, ముక్కు పై భాగంలో మాత్రం ముదురు ఆకుపచ్చ లేదా నలుపు పట్టీ ఉంటుంది. వెలుగు నేరుగా కళ్లలోకి కొట్టకుండా వేసిన మాట్ పెయింటు, అంటే మెరుపు లేని పెయింటు అది.

ఇక మస్టాంగ్ రెక్క. మెరుపు గురించి నాకు ఎక్కువ నేర్పింది ఇదే. మస్టాంగ్ రెక్క ఆకారం గాలి పొరలు చెదరకుండా వీలైనంత దూరం జారేలా గీసినది. ఒక చిన్న అతుకు, ఒక రివెట్ తల చాలు ఆ ప్రవాహం చెదరడానికి. అందుకని కర్మాగారంలోనే రెక్క ముందు భాగంలోని అతుకులు, రివెట్లు పుట్టీతో కప్పి, నున్నగా రాకి, ప్రైమర్ వేసి, పైన వెండి రంగు పెయింటు కొట్టారు. శరీరం రంగు లేని లోహం, రెక్క వెండి పెయింటు: 1944 నాటి మస్టాంగ్ అసలు రూపం ఇది. ఈ రోజు ప్రదర్శనల్లో కనిపించే చాలా మస్టాంగ్‌ల రెక్కలు శరీరంతో సమానంగా అద్దంలా మెరుస్తాయి, రివెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. అందంగా ఉంటాయి, కాదనను. కానీ యుద్ధంలో ఎగిరిన రెక్క అది కాదు. వంగి రెక్క ముందు అంచు దగ్గర చూడండి. అతుకులు కనబడకుండా మెత్తని వెండి పెయింటు ఉంటే, పునరుద్ధరించినవారు కష్టమైన దారి ఎంచుకున్నారని అర్థం. నా మట్టుకు నాకు ఆ విమానం మీదే ఎక్కువ గౌరవం.

ఆ మెరుపు ఎలా వస్తుంది

యుద్ధకాలంలో బయట నిలబెట్టిన విమానం అద్దంలా ఉండేది కాదు. అల్యూమినియం గాలి తగిలిన క్షణమే కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడు పొర కట్టుకుంటుంది. వానా ఎండా తగిలేకొద్దీ ఆ పొర మందమై లోహం మసకబారుతుంది. దాని మీద నూనె చారలు, తుపాకీ పొగ మరకలు, ఎక్కిదిగే బూట్ల గీతలు. కొందరు మెకానిక్‌లు తమ విమానాన్ని శ్రద్ధగా తుడిచి మైనం పట్టించిన మాట నిజమే, కానీ అది కొద్దిపాటి వేగం కోసం, తమ యంత్రం మీది మమకారంతో చేసిన పని.

ఇప్పటి అద్దపు మెరుగు చాలా ఓపికతో వస్తుంది. ముందు జిడ్డు పూర్తిగా వదిలిస్తారు. తర్వాత గరుకు పాలిష్ ముద్దతో యంత్రం తిప్పుతూ ఆక్సైడును కోసేస్తారు. ఆ తర్వాత అంతకంటే మెత్తని ముద్ద, ఇంకా మెత్తనిది. ప్రతి దశలోనూ నల్లటి మడ్డి వస్తుంది, అది లోహమే. చివర్లో మెత్తని గుడ్డతో ఆ మడ్డి అంతా తుడిచేస్తేనే ముఖం కనిపిస్తుంది. నెలల తర్వాత మళ్లీ మసకబారితే మళ్లీ ఇదే పని. ప్రతిసారీ పోయేది ఆ 0.05 మిల్లీమీటరులోంచే. అతిగా మెరుగుపెడితే కాపాడే పొర అరిగి లోపలి మిశ్రమం బయటపడుతుంది, అక్కడ తుప్పుకు దారి తెరుచుకుంటుంది. రివెట్ల చుట్టూ, అంచుల వెంట చూడండి. మెరుపు మధ్యలో మసక వలయాలు, చిన్న చిన్న గుంటలు కనిపిస్తే అవి ఆ అరుగుదల జాడలు కావచ్చు.

అందుకే ముట్టుకోవద్దు. వేలిముద్రలోని చెమట, ఉప్పు లోహం మీద మచ్చగా మిగిలిపోతాయి. చేతి గడియారం, కెమెరా పట్టీ కొక్కెం, సంచి జిప్పు కూడా రేకుకు తగలకుండా చూసుకోండి.

రంగులో తేదీని వెదకండి

రంగు వేసిన విమానం దగ్గర వేరే ప్రశ్న అడగాలి: ఇది ఏ ఆకాశం కోసం, ఏ నెల కోసం వేసిన రంగు?

స్పిట్‌ఫైర్‌తో మొదలుపెట్టండి. 1940లో బ్రిటన్ పొలాల మీద ఎగురుతున్నప్పుడు పై భాగం మట్టి గోధుమ, ముదురు ఆకుపచ్చ. 1941 ఆగస్టు నుంచి గోధుమ స్థానంలో సముద్రపు బూడిద వచ్చింది, కింది భాగం కూడా బూడిదైంది. పోరాటం సముద్రం దాటి ఫ్రాన్స్ మీదికి, ఇంకా ఎత్తుకు జరిగింది కాబట్టి రంగూ దానితో జరిగింది. ఇక ఫొటో నిఘా స్పిట్‌ఫైర్‌లు తుపాకులు తీసేసి ఒళ్లంతా నీలం పూసుకున్నాయి. తక్కువ ఎత్తులో మబ్బుల కింద ఎగిరే కొన్నింటికి లేత గులాబీ రంగు వేశారు. గులాబీ విమానం చూసి నవ్వుకునేవారిని చూశాను. తెల్లవారుజామున మబ్బు కింద అంతకంటే బాగా కలిసిపోయే రంగు దొరకడం కష్టం.

గుర్తులు ఇంకా స్పష్టంగా తేదీ చెబుతాయి. అమెరికా నక్షత్రం మధ్యలోని ఎర్ర చుక్కను 1942 మే నెలలో తీసేశారు. దూరం నుంచి చూసేవారికి అది జపాన్ విమానాల ఎర్రటి సూర్యబింబంలా కనిపించి, సొంతవాళ్లే కాల్చే ప్రమాదం ఉండేది. 1943 మధ్యలో నక్షత్రానికి రెండు పక్కలా తెల్ల పట్టీలు చేరాయి, చుట్టూ ఎర్ర అంచు వచ్చింది. కొద్ది నెలల్లోనే ఆ ఎరుపూ పోయి నీలం అంచు నిలిచింది. ఆగ్నేయాసియాలో ఎగిరిన బ్రిటిష్ విమానాల మీది గుర్తింపు వృత్తాల్లోంచి కూడా ఇదే భయంతో ఎరుపును తొలగించి, ముదురు నీలం, లేత నీలం మిగిల్చారు.

నలుపు తెలుపు చారలున్న విమానం అయితే 1944 జూన్ గురించి చెబుతోంది. ఫ్రాన్స్ తీరంలోని నార్మండీ మీద మిత్రపక్షాల దాడికి ముందు రెండు మూడు రోజుల్లో, సొంతవాళ్లు గుర్తుపట్టేలా వేలాది విమానాలకు మూడు తెల్ల, రెండు నల్ల చారలు వేశారు. ఒక ఇంజను విమానానికి ఒక్కో చార వెడల్పు 18 అంగుళాలు, రెండు ఇంజన్లవాటికి 24. రహస్యం బయటపడకుండా చివరి నిమిషం వరకు ఆగి, దొరికిన కుంచెలతో హడావుడిగా పూశారు. ఆనాటి ఫొటోల్లో ఎన్నో చారల అంచులు వంకరగా, కుంచె గీతలతో కనిపిస్తాయి. నేటి విమానం మీద చారలు స్కేలు పెట్టి కోసినట్టు ఉంటే అది ఈనాటి పెయింటర్ నైపుణ్యం. కాస్త వంకర ఉంచిన పునరుద్ధరణ కనిపిస్తే ఆగి చూడండి, ఎవరో పాత ఫొటోలు శ్రద్ధగా చదివారు.

పెయింటు మాట్‌దా, నిగనిగలాడేదా అన్నదీ గమనించండి. యుద్ధకాలపు మరుగు రంగులు ఎక్కువగా మాట్. ప్రదర్శనలో ఎగిరే విమానాలకు నేడు తరచూ మెరిసే పెయింటు వేస్తారు, నూనె మరకలు తేలిగ్గా తుడుచుకుపోతాయని.

అసలు పూత ముందు నెమ్మదించండి

అరుదుగా ఒక విమానం తన యుద్ధకాలపు చర్మంతోనే మిగులుతుంది. అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ దగ్గరున్న బీ-26 బాంబర్ ఫ్లాక్-బెయిట్ అలాంటిది. 200కు పైగా దాడులకు వెళ్లి వచ్చిన విమానం అది. శకలాలు తగిలిన చోటల్లా వేసిన అతుకులు, వెలిసిన ఆకుపచ్చ, ముక్కు దగ్గర వరుసలుగా గీసిన బాంబు బొమ్మలు ఉన్నాయి. కొత్త రంగు వేసి తళతళలాడించడం తేలిక. అక్కడివారు ఉన్న పూతనే కాపాడే పని ఎంచుకున్నారు. అలాంటి విమానం ముందు అందం వెదకకండి, జాడలు వెదకండి. ఏ రంగు కింద ఏ రంగు తొంగిచూస్తోంది? ఏ అక్షరం చేత్తో రాసింది, ఏది అచ్చు పలకతో వేసింది?

అదే సంస్థ దగ్గర ఎనోలా గే కూడా ఉంది, 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు వేసిన బీ-29 బాంబర్. 1984లో మొదలైన దాని పునరుద్ధరణ సుమారు ఇరవై ఏళ్లు సాగింది. ఆ వెండి రేకుల పనితనం చూసి మెచ్చుకోవచ్చు. ఆ మెచ్చుకోలు పక్కనే ఆ ఊరినీ గుర్తుంచుకుని నిలబడండి. రెండూ ఒకే చూపులో పట్టవని నేననుకోను.

ఫొటో తీసేటప్పుడు

మెరుగుపెట్టిన లోహాన్ని ఉదయం తొలిగంటల్లో, లేదా సాయంత్రం వాలుపొద్దులో తీయండి. మిట్టమధ్యాహ్నం తెల్లటి మచ్చలే మిగులుతాయి. మాట్ రంగులకు మబ్బు పట్టిన రోజు మేలు. కెమెరా వెలుగును కాస్త తగ్గించి పెట్టండి, లేదంటే మెరిసే చోట వివరాలన్నీ తెల్లబడిపోతాయి. పోలరైజింగ్ ఫిల్టర్ పెయింటు మీది, అద్దం మీది ప్రతిబింబాలను తగ్గిస్తుంది కానీ లోహపు ప్రతిబింబాన్ని పెద్దగా తగ్గించలేదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ముదురు రంగు బట్టలు వేసుకుని పక్క కోణం నుంచి తీస్తే ఫొటోలో మీరు కనిపించరు. ఎగురుతున్న ప్రొపెల్లర్ విమానానికి షట్టర్ వేగం సెకనులో 125వ వంతు దగ్గర ఉంచండి. అంతకంటే బాగా వేగం పెంచితే ప్రొపెల్లర్ ఆగిపోయినట్టు పడుతుంది.

చివరగా, గూటిలోకి తొంగి చూడండి

విమానం దగ్గర పనిచేసేవారు ఎవరైనా కనిపిస్తే మర్యాదగా ఒక ప్రశ్న అడగండి: "దీనిలో అసలు రేకులు ఎన్ని మిగిలాయండీ?" ఎంత బాగుందో చెప్పేవారు వాళ్లకు రోజూ దొరుకుతారు, ఈ ప్రశ్న అడిగేవారు అరుదు. తరచూ వాళ్లే మిమ్మల్ని చక్రాలు ముడుచుకునే గూటి దగ్గరికి తీసుకెళ్తారు. అనుమతి అడిగి చిన్న టార్చి వెలిగించండి. పాలిష్ యంత్రం, కొత్త పెయింటు చేరలేని చోటు అది. అమెరికా విమానమైతే తుప్పు పట్టకుండా పూసిన పసుపు పచ్చని జింక్ క్రోమేట్ కనబడవచ్చు. జపాన్ విమానమైతే వాళ్లు పచ్చి వెదురు అని పిలిచే పారదర్శకమైన నీలి ఆకుపచ్చ లక్క. ఆ పూత పలుచగా ఉన్న చోట, రేకు లోపలి ముఖం మీద వరుసగా అచ్చుపడిన అక్షరాల కోసం వెదకండి. 1940లలో రేకును సాగదీసిన మిల్లు వేసిన, లోహం రకాన్ని చెప్పే ముద్ర అది: ఆల్‌క్లాడ్ 24ఎస్-టి. బయట ఎన్నిసార్లు మెరుగుపెట్టినా, ఎన్ని రంగులు మార్చినా, ఆ సిరా అక్కడే ఉండిపోతుంది.